పదకొండు మందికి చూపించనివాళ్ళ గతి

"దీన్ని పదకొండు మందికి పంపండి, పంపకపోతే వారం తిరక్కుండా అరిష్టం" అంటూ ఈమెయిళ్ళు వస్తుంటాయి చూశారూ, వాటిని చూసి విసుక్కునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కృతఘ్నులు! ఈ దేశంలో సైన్సు అనే మొక్క ఎక్కడైనా నాలుగాకులు వేసిందంటే అది ఆ బెదిరింపుల చలవే. బళ్ళూ పంతుళ్ళూ, తెల్లారకముందే టీవీలో వచ్చే పాఠాలూ అన్నీ కలిసి చెయ్యలేని పనిని ఒక్క చెయిన్ మెయిల్ చేసి చూపించింది.

నమ్మరా? నమ్మకండి. దేన్నీ ఊరికే నమ్మకపోవడమే సైన్సు అని పెద్దలు అంటారుగా! కాకపోతే చిలకలూరిపేటలో బిందుమాధవి సంగతి విని, ఆ తర్వాత నమ్మడం మానెయ్యండి.

బిందుమాధవి ఆ ఊళ్ళో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో బీయస్సీ రెండో సంవత్సరం. నాన్న జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. పిల్ల బుద్ధిమంతురాలు, వంక పెట్టడానికి లేదు. ఒక్కటే జబ్బు, "ఎందుకు?" అని అడుగుతుంది.

మిల్లు నుంచి నాన్న ఇంటికి వస్తే పాలిస్టర్ చొక్కా నిండా పత్తి నూగు అంటుకుని ఉంటుంది, లోపలి నూలు బనీనుకి మాత్రం అంతగా అంటదు. ఎందుకు? పచ్చిమిరపకాయ కొరికితే మండిన నోరు మంచినీళ్ళు తాగితే చల్లారదు, మజ్జిగ తాగితే చల్లారుతుంది. ఎందుకు? ఇలాంటివి అడిగే పిల్లని ఇంట్లో పెట్టుకుని ఆ గుమాస్తా గారు ఎలా కాపురం చేస్తున్నారో నాకు తెలియదు.

ఈ జబ్బుకి మందు కాలేజీలోనే ఉంది. దాని పేరు కెమిస్ట్రీ ల్యాబ్. అద్దాల బీరువాలు, గాజు గొట్టాలు, సీసాలు, బర్నర్లు, లేని సరుకు లేదు. తలుపుకి ఒక తాళం కూడా ఉంది. ఏడాది పొడుగునా పనిచేసే పరికరం ఆ ల్యాబులో అదొక్కటే.

తాళం వెయ్యకపోతే ఎలా చెప్పండి? తనిఖీ కమిటీ వచ్చే రోజుకి సీసాలన్నీ మిలమిల్లాడుతూ ఉండాలి. పిల్లల్ని లోపలికి వదిలితే వాళ్ళు ప్రయోగాలు చేస్తారు! అందుకని ప్రాక్టికల్ రికార్డుల్ని సీనియర్ల దగ్గర తీసుకుని చూసి రాసుకుంటారు. ఆ సీనియర్లు తమ సీనియర్లవి చూసి రాశారు. ఆ కాలేజీలో లిట్మస్ కాగితం ఎప్పుడో ఒక్కసారి ఎర్రబడింది, అప్పట్నుంచీ రికార్డుల్లో ఎర్రబడుతూనే ఉంది.

తాళంచెవి కరస్పాండెంట్ రామకాంత్ గారి దగ్గర, కారు తాళాల గుత్తిలో ఉంటుంది. ఆయనకి హైవే పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజీ కూడా ఉంది. సరుకు చెడకుండా దాచిపెట్టడం ఆయన వృత్తి, కాబట్టి ల్యాబునీ అలాగే దాచారు. ఇందులో ఆయన తప్పేముంది?

బిందుమాధవి ఒక రోజు ధైర్యం చేసి ఆయన గదికి వెళ్ళింది.

"సార్, వారానికి ఒక్క పూట ల్యాబు తాళం తీయించండి సార్. మేమే తుడిచి, మేమే సర్దుకుంటాం."

రామకాంత్ గారు కోపిష్టి కాదు. నవ్వారు. "అమ్మాయ్, జనానికి సైన్సు మీద ఆసక్తి ఉంటే నేను కాదంటానా? ఈ ఊళ్ళో ఎవడికి కావాలమ్మా సైన్సు? పత్తి రేటు కావాలి, మిర్చి రేటు కావాలి."

"ఆసక్తి ఉందని చూపిస్తే ఇస్తారా సార్?"

అప్పుడే ఆయన విజయవాడలో ఏదో కాలేజీకి వెబ్‌సైట్ ఉందని విని వచ్చి ఉన్నారు. కడుపులో కాస్త మంటగా కూడా ఉంది. "కాలేజీ పేరు మీద సైన్సు వెబ్‌సైట్ ఒకటి పెట్టు. ఫిబ్రవరి ఆఖరున సైన్స్ డే వస్తుందిగా, ఆ లోపల పదివేల మంది దాన్ని చూస్తే తాళంచెవి స్టేజీ మీద నీ చేతిలో పెడతా, పో" అన్నారు. పదివేలంటే ఎంతో ఆయనకి తెలుసు, ఆ పిల్లకి తెలియదు. అందుకే ఎగురుకుంటూ వచ్చేసింది.

బస్టాండు దగ్గర గౌస్ బాషా నెట్ సెంటర్ ఉంది. అంతకుముందు అది వాళ్ళ నాన్న నన్నే సాహెబ్ గారి ప్రింటింగ్ ప్రెస్సు. పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, ఎన్నికల వాల్‌పోస్టర్లు అచ్చేసిన గదిలోనే ఇప్పుడు నాలుగు కంప్యూటర్లు, నాలుగు కర్టెన్లు. గౌస్ బాషాది బిందుమాధవి నాన్నతో పాత పరిచయం. "చెల్లెమ్మా, జనం లేనప్పుడు వచ్చి కూర్చో, నీ దగ్గర గంట లెక్క చూడను" అన్నాడు.

ఆ పిల్ల నిజంగానే కష్టపడింది. మధ్యలో పేజీలు ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి పట్టుకుని వెబ్ పేజీ చెయ్యడం నేర్చుకుంది. పత్తి నూగు చొక్కాకి అంటడం గురించి రాసింది, మిరపకాయ మంట గురించి, మజ్జిగ గురించి రాసింది. బొమ్మలు తనే గీసి స్కాన్ చేయించింది. అంతా తెలుగులోనే. పేజీ అడుగున స్కూటర్ మీటర్ లాగా అంకెలు తిరిగే కౌంటర్ పెట్టింది, ఎవరు చూసినా అందులో ఒక అంకె పెరుగుతుంది. రాసినవన్నీ ఫ్లాపీలో తెచ్చిస్తే గౌస్ బాషా నెట్‌లోకి ఎక్కించేవాడు. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉండేది.

నెల తిరిగేసరికి కౌంటర్ మీద నలభై మూడు. అందులో ముప్ఫై దాకా, పెరిగిందేమోనని తనే మాటిమాటికీ చూసుకున్నవి.

నెట్ సెంటర్‌కి జనం రాక కాదు. వస్తారు. పరీక్ష రిజల్ట్స్‌కి వస్తారు, జాతకానికి వస్తారు, కర్టెన్ వేసుకుని చూసేవాటికి వస్తారు. బిందుమాధవి వాళ్ళని బతిమాలి తన పేజీ చూపించేది. ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఆ మూల నుంచి ఈ మూలకి చూసి, "ఇందులో మావాడి నంబరు ఎక్కడుందమ్మా?" అన్నాడు. వచ్చినవాళ్ళు అభిప్రాయాలు రాయడానికి పెట్టిన చోట ఇద్దరే రాశారు. ఒకరు తమ వెబ్‌సైట్ చూడమన్నారు. రెండోవారు నీ వయసెంత అని అడిగారు.

అప్పుడు తీసింది బ్రహ్మాస్త్రం. ఇంట్లో నాయనమ్మ వెంకటరావమ్మ ఉంది కదా!

వెంకటరావమ్మ గారికి ఎవరు ఆవులించినా దిష్టే. గుప్పెడు ఎండుమిరపకాయలు తీసుకుని మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి కుంపట్లో పడేస్తుంది. ఘాటు వచ్చి అందరూ దగ్గితే, "చూశావా, ఏ దిష్టీ లేదు." ఘాటు రాకపోతే, "చూశావా, ఎంత దిష్టో, కారం మొత్తం లాగేసింది." మీ ఇంట్లోనూ అంతేగా? మా ఇంట్లోనూ అంతే.

"నిజమేనా నాయనమ్మా? పరీక్ష చేసి చూద్దామా?" అంది బిందుమాధవి.

"చెయ్యవే, నాకేం భయమా?" అంది ముసలావిడ.

ఒకే టిక్కీ బస్తాలో కాయలు. సగం కాయలతో, అప్పుడే మిల్లు నుంచి వచ్చిన నాన్నకి దిష్టి తీశారు. సగంతో తీయలేదు. గోడ అవతల ఇరుగుపొరుగుల్ని కూర్చోబెట్టి, ఏవి ఎప్పుడు కాలుస్తున్నారో చెప్పకుండా కుంపట్లో వేశారు. వాళ్ళు పాపం రెండుసార్లూ ఒకేలా దగ్గారు. మంట భగ్గున లేచినప్పుడు మాత్రం కొంచెం తక్కువ దగ్గారు, నిప్పు రాజుకుని చిక్కగా పొగ వచ్చినప్పుడు ఎక్కువ దగ్గారు. అది దిష్టి తీసిన కాయలకీ అంతే, తీయనివాటికీ అంతే.

బిందుమాధవి గంతులేసింది. వెంకటరావమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఇవాళ మీ నాన్నకి దిష్టి తగల్లేదేమోనే! తగిలిన మనిషిని పట్టుకొచ్చి చెయ్యి, అప్పుడు చెప్పు" అంది. బిందుమాధవి ఆ అభ్యంతరాన్ని కూడా పేజీలో రాసింది. నిజాయితీ గల పిల్ల.

"దిష్టి మిరపకాయలకు ఘాటు తగ్గుతుందా?" అని పేరు పెట్టి ఫ్లాపీ ఇచ్చి వచ్చింది. మిర్చి పండే సీమలో ఇంతకన్నా పనికొచ్చే సైన్సు ఏముంటుంది? ఇక జనం విరగబడి వస్తారనుకుంది. కౌంటర్ యాభై ఒకటి దగ్గర ఆగింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు. ల్యాబు తలుపు అద్దంలోంచి లోపలి సీసాల్ని చూసి రావడమే తన చదువు అయిపోతుందేమోనని ఏడుపొచ్చింది.

ఇదిగో, ఇక్కడే మన చెయిన్ మెయిల్ మహాత్మ్యం మొదలైంది.

సైన్స్ డే పదిహేను రోజులుందనగా కౌంటర్ ఎగరడం మొదలుపెట్టింది. వంద. మర్నాటికి నాలుగు వందలు. బిందుమాధవి మొదట మిషన్ చెడిపోయిందనుకుంది. కాలేజీ అయ్యాక బస్టాండు దగ్గరికి వెళ్ళి చూస్తే నెట్ సెంటర్ ముందు జనం! కళ్ళాల్లో మిరపకాయలు ఏరుతూ ఏరుతూ లేచి వచ్చిన ఆడవాళ్ళు, గుంటూరు యార్డుకి టిక్కీలు వేసుకెళ్తూ లారీ ఆపి దిగినవాళ్ళు, చంకల్లో పిల్లలతో తల్లులు. వాళ్ళ బట్టల మీది కారం దుమ్ముకి నాలుగు కంప్యూటర్ల దగ్గరా తుమ్ములే. వరసలో నిలబడి ఒక్కొక్కరూ స్క్రీన్ చూసి, చెయ్యి దానికి తాకించి, కళ్ళకద్దుకుని వెళ్తున్నారు.

ఒకాయన ట్రాక్టర్ ట్రక్కు నిండా చుట్టాల్ని వేసుకొచ్చాడు. "పదకొండు మందికి ఒకడు తక్కువైతే దారిలో బస్సు కోసం నిలబడ్డవాణ్ణి ఎక్కించుకొచ్చా" అని చెబుతున్నాడు. ఆ ఎక్కినవాడు ఒంగోలు వెళ్ళాల్సినవాడు. పేజీ చూశాక భయపడి, తన పదకొండు మందిని వెతుక్కుంటూ బస్టాండులోకి పరిగెత్తాడు.

పొదిలిలో ఇంకా విచిత్రం. అక్కడ నెట్ సెంటర్ నడిపే బుడాన్ కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు. బిందుమాధవి పేజీ తెరిస్తే గీతలు, కొక్కేలు, చుక్కలు కనిపిస్తాయి. ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. పైగా చిలకలూరిపేటలో చూసిన దానికన్నా పొదిలిలో చూసిందే పవర్‌ఫుల్ అని పేరొచ్చింది! బీజాక్షరాలట. ఇది చూసైనా, తేలికైన భాషలో రాస్తేనే సైన్సు జనానికి ఎక్కుతుందని చెప్పే మేధావులు సిగ్గుపడాలి.

బిందుమాధవి సంతోషం పట్టలేక తన పేజీని తనే మళ్ళీ తెరిచింది. కిందికి, ఇంకా కిందికి వెళ్ళింది. కౌంటర్‌కి పైన, తను రాయని మాటలు ఎర్రటి అక్షరాల్లో మిణుకు మిణుకుమంటూ కనిపించాయి.

"ఈ పేజీని పదకొండు మందికి చూపించిన ఒక రైతు మిర్చి అమ్ముకున్న మర్నాడే ధర పడిపోయింది, ఆయన గట్టెక్కాడు. నవ్వి ఊరుకున్న ఒక ఆసామికి కళ్ళంలో ఆరబోసిన కాయ మీద వాన పడి సరుకంతా రంగు పోయి తాలుకాయ అయింది. చూసీ చూడనట్టు తాళం వేసుకు కూర్చున్న ఒక పెద్దమనిషి సంగతి రాయడానికి చేతులు రావడం లేదు."

ఆ పిల్లకి తల తిరిగిపోయింది. "గౌస్ అన్నా! ఏంటన్నా ఇది?"

గౌస్ బాషా తొణకలేదు. "మా నాన్న ప్రెస్సు ఎట్టా నడిచిందనుకున్నావ్ చెల్లెమ్మా? పాము మాట్లాడింది, వెయ్యి కాగితాలు అచ్చేసి పంచకపోతే నెత్తురు కక్కుకుంటారని కరపత్రం పట్టుకొచ్చేవాళ్ళు. పెళ్ళి కార్డులోళ్ళు బేరమాడేవాళ్ళు గానీ పాము కాగితాలోళ్ళు ఏనాడూ బేరమాడలా. మనోళ్ళకి ఏదైనా చెప్పాలంటే చివర్న ఒక ముక్క కలపాల. అది నువ్వు కలపలా, నేను కలిపా."

"దిష్టి లేదని రాసిన పేజీ కింద అరిష్టమని రాస్తావా?"

"పైన నువ్వు రాసింది నువ్వు రాశావ్. కింద నేను రాసింది నేను రాశా. ఎవుడు అడిగాడు? ఒక్కడన్నా అడిగాడా?"

నిజమే, ఒక్కరూ అడగలేదు.

"తీసెయ్ అన్నా."

"తీసేస్తా. తీసేస్తే రేపట్నుంచి నువ్వూ నేనే చూసుకోవాల. మీ సారు చెప్పిన పదివేలు ఎంత దూరంలో ఉందో చూసుకుని చెప్పు, ఇప్పుడే తీసేస్తా."

బిందుమాధవి కౌంటర్ కేసి చూసింది. ల్యాబు తలుపు గుర్తొచ్చింది, లోపల బీరువాలో వరసగా పేర్చిన గాజు గొట్టాలు గుర్తొచ్చాయి. "సైన్స్ డే దాకా ఉండనీ" అని గొణిగి, గౌస్ బాషా ముఖం చూడకుండా వచ్చేసింది. ఆ పూట నాయనమ్మ ముఖం కూడా చూడలేకపోయింది. తర్వాత ఆవిణ్ణి నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి పేజీ చదివి వినిపించినప్పుడు కూడా పైన సైన్సు వరకే చదివి ఆపేద్దామనుకుంది. ముసలావిడ ఊరుకుంటుందా? "కింద ఎర్రగా ఉందని ఊరంతా అంటన్నారు, అదీ చదువు" అని చదివించుకుంది. విని, మోకాలు రుద్దుకుంటూ లేచి ఇంటిదారి పట్టింది.

సైన్స్ డే వచ్చింది. అప్పటికి కౌంటర్ పదివేలు ఎప్పుడో దాటేసింది.

సభ దివ్యంగా జరిగింది. షామియానా వేశారు. జ్యోతి ప్రజ్వలనకి అగ్గిపెట్టె దొరక్క కాసేపు ఆగారు. కాలేజీ బోర్డుకి, మైకుకి, వేదిక మీదికి తెచ్చిపెట్టిన కంప్యూటర్‌కి నిమ్మకాయలూ మిరపకాయలూ దండగుచ్చి కట్టారు. పదివేల మంది కళ్ళు పడ్డ కంప్యూటర్ కదా మరి! ముఖ్య అతిథి శేషాచలం గారు, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, విజ్ఞానం గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడారు.

అన్నిటికన్నా ఆశ్చర్యం, రామకాంత్ గారు మాట నిలబెట్టుకున్నారు. అడక్కముందే, గుత్తిలోంచి తాళంచెవి విడదీసి, పళ్ళెంలో పెట్టి, శాలువాతో సహా బిందుమాధవికి అందించారు. తాళం వేసుకు కూర్చున్న పెద్దమనిషి గురించి ఆయనకి ఎవరో చదివి చెప్పారు. ఆ వారంలోనే కోల్డ్ స్టోరేజీలో మోటారు ఒకటి కాలిపోయింది కూడా.

పాఠకమహాశయులారా, ఇక్కడితో కథ ఆపేస్తే నా వాదన నెగ్గినట్టే. ఏ ప్రిన్సిపాలూ తెరిపించలేని తలుపు, మూడు వాక్యాల బెదిరింపు తెరిపించింది! అందుకే చెబుతున్నాను, చెయిన్ మెయిల్‌కి గుడి కట్టినా తప్పులేదని.

కానీ ఆ పిల్లని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మైకు ముందుకి వచ్చింది. గుప్పిట్లో తాళంచెవి చల్లగా తగిలింది. ఎదురుగా మూడో వరసలో, మనవరాలికి శాలువా కప్పుతుంటే చూడ్డానికి వచ్చిన నాయనమ్మ కూర్చుని ఉంది. థాంక్స్ చెప్పి దిగిపోదామనుకున్నది కాస్తా వేరే మాట అనేసింది.

"ఆ పేజీ అడుగున ఎర్ర అక్షరాల్లో ఉన్నది అబద్ధం. ఆ రైతూ లేడు, ఆ ఆసామీ లేడు. అది నేను రాసింది కాదు, కానీ తెలిసి కూడా ఊరుకున్నాను. తప్పు నాదే. కావాలంటే ఇప్పుడే పరీక్ష చేద్దాం. పేజీ చూసి కూడా ఇంకెవరికీ చూపించనివాళ్ళు చెయ్యెత్తండి. మీకేమైందో అడిగి తెలుసుకుందాం."

ఒక్క చెయ్యి లేవలేదు. కెమిస్ట్రీ మేడమ్ చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. బోటనీ సారు షామియానా మీది పువ్వుల్ని పరిశీలించారు. శేషాచలం గారైతే మైకు ఉందని మర్చిపోయి, "నేను రెండు బ్యాచీలు చూపించానమ్మా, మా వైపు వాళ్ళు పదకొండు, మా అత్తగారి వైపు పదకొండు" అన్నారు.

చూశారా ఆ పిల్ల దురదృష్టం? ప్రయోగం చెయ్యడానికి ఊరంతా ఉంది, సరిపోల్చి చూసుకోవడానికి మాత్రం ఒక్కడంటే ఒక్కడు లేడు! దిష్టి తీయని మిరపకాయలు దొరికాయి గానీ భయపడని మనిషి దొరకలేదు.

"నేను చూపించలా" అని ఒక గొంతు వినిపించింది.

మూడో వరసలో వెంకటరావమ్మ గారు మోకాళ్ళ మీద చేతులానించి లేచి నిలబడింది.

"ఎవరికీ చూపించలేదా నాయనమ్మా?"

"ఎవురికీ చూపించలా. మా పిల్ల రాసింది బాగుంటే బాగుందంటా, బాగాలేకపోతే అదీ అంటా. చూపించకపోతే చస్తావంటే మాత్రం నేను చూపించనమ్మా. నన్ను బెదిరిస్తానికి ఎవురు వాళ్ళు?"

"మరి నీకేమైంది?"

"ఏమవుద్దే? మోకాలు లాగతంది. అది నీ కంప్యూటర్ పుట్టకముందు నుంచీ లాగతానే ఉంది. దాన్ని తెచ్చి ఇందులో కలపమాక."

జనం గొల్లుమన్నారు. బిందుమాధవికి నవ్వుతోపాటు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ క్షణాన వాళ్ళ నాయనమ్మ మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. రిటైరైన ఫిజిక్స్ కన్నా, శాలువా కన్నా, ఆ మోకాలి నొప్పిని వేరుగా పక్కన పెట్టిన మాట ఆ పిల్లకి గొప్పగా తోచింది.

రామకాంత్ గారు మైకు దగ్గరికి జరిగారు. మెల్లిగా అడిగారు. "అంటే... నిజంగా ఏమీ కాదంటావా అమ్మాయ్?"

"ఏమీ కాదు సార్."

"మోటారు..?"

"మోటార్లు కాలుతూనే ఉంటాయి కదా సార్. కిందటేడు కూడా మీదే ఒకటి కాలిందని ఊళ్ళో అందరికీ తెలుసుగా."

ఆయన ముఖం విచ్చుకుంది. పది రోజులుగా నిద్రలేని కళ్ళు తేటపడ్డాయి. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "చాలా మంచి మాట చెప్పావమ్మా! మూఢనమ్మకాలు పోవాలి. సైన్సు అంటే ఇదీ!" అని తనే ముందుగా చప్పట్లు కొట్టారు. సభంతా కొట్టింది.

చప్పట్లు ఆగాక ఆయన చెయ్యి చాపారు.

"ఏదీ, ఆ తాళంచెవి ఇలా ఇవ్వు."

బిందుమాధవికి అర్థం కాలేదు. "పదివేల మంది చూశారు కదా సార్?"

"చూశారమ్మా. అందరూ భయపడి చూశారని నువ్వే చెప్తివి. మన మాట ఏంటి? సైన్సు మీద ఆసక్తి ఉండి రావాలని. అలా వచ్చినవాళ్ళు ఎంతమంది? నువ్వే చెప్పు, అబద్ధం ఆడవుగా."

ఆ పిల్ల సభ కేసి చూసింది. మళ్ళీ మూడో వరస కేసి చూసింది.

"ఒక్కరు సార్" అంది.

"చూశావా మరి" అన్నారు రామకాంత్ గారు, ఎంతో ప్రేమగా. తాళంచెవి మళ్ళీ గుత్తిలోకి, గుత్తి జేబులోకి వెళ్ళిపోయాయి. శాలువా మాత్రం ఉంచుకోమన్నారు.

ఆ సాయంత్రమే గౌస్ బాషా ఎర్ర అక్షరాలు తీసేశాడు. "ఊరు ఊరంతా నా కొట్టుకొచ్చిందమ్మా, పొయ్యి మీద నీళ్ళు పోశావ్" అని రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఫ్లాపీ తీసుకున్నాడు. కౌంటర్ ఇప్పుడు మళ్ళీ ఎడ్లబండిలా నడుస్తోంది. వెంకటరావమ్మ గారు మాత్రం ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. శాలువా మోకాళ్ళ మీద కప్పుకుని కుంపటి ముందు కూర్చుని, "ఈసారి తొడిమలు తీసినవి కొన్ని, తీయనివి కొన్ని కాల్చి చూద్దాం. నిన్న పెళ్ళికెళ్ళొచ్చింది, ఆ ఎదురింటి పిల్లకి దిష్టి తగిలే ఉంటది, పిలువు" అంటోంది. మనవరాలు పరుగెత్తి పిలుచుకొచ్చింది. గోడ అవతలివాళ్ళు దగ్గడానికి సిద్ధంగా కూర్చున్నారు. ప్రస్తుతానికి ఆ కాలేజీకి ఉన్న ల్యాబ్ అదే.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా? భయం ఉన్నంతసేపు ఆ తాళంచెవి ఒక ఆడపిల్ల చేతిలో ఉంది. భయం లేదని సైన్సు నిరూపించిన మరుక్షణం వెనక్కి పోయింది. అందుకే నేను చెయిన్ మెయిల్ పక్షం. ఈ వ్యాసం చివర కూడా ఎర్ర అక్షరాల్లో ఒక ముక్క రాద్దామని కలం పట్టుకున్నాను. "ఇది చదివి పదకొండు కాలేజీల ల్యాబులు తెరిపించిన వారికి..." అని మొదలుపెట్టాను. అది బాగానే వచ్చింది. "తెరవకుండా తాళం వేసుకు కూర్చున్నవారికి..." దగ్గర ఆగిపోయాను.

వాళ్ళకి ఏమవుతుందంటారా? ఏమీ కాదండీ. ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదు. నా ఏడుపంతా అదే.